నంబర్ పుస్తకం

3 ఫిబ్రవరి 2025, సోమవారం

పొద్దున ఆరింటికి ఆర్మూర్ ఆటో అడ్డా మీదికి పోయేసరికి చెల్లె కొడుకు వచ్చి నిలబడ్డడు. కొత్త కరెంటు ఆటో. సీట్ల మీది కవర్లు గూడ ఇంకా తీయలే. "మామా, నన్ను గూడ సీరియల్ల రాయి" అన్నడు.

అడ్డా ఆటోల సీరియల్ రాసే నంబర్ పుస్తకం నా దగ్గరనే ఉంటది. దాంట్ల 46 పేర్లున్నయి. ఆఖరి పేరు కింద ఎర్ర సిరాతోటి గీత, గీత పక్కన "46 వరకే" అన్న మాట. రాసింది నేనే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయ్యింది. పెర్కిట్ పోయే చెల్లెండ్లు, అంకాపూర్ పోయే అవ్వలు అందరు బస్సే ఎక్కవట్టిరి. ఉన్నోళ్లకే గిరాకి లేదాయె, కొత్తోళ్లు ఎందుకని మీటింగు పెట్టుకొని కొట్టిన గీత అది.

"చూద్దం తీ బిడ్డా" అన్న. పొల్లగాడు మొఖం చిన్నగ చేసుకొని మామిడిపల్లి దిక్కు పోయిండు.

7 ఫిబ్రవరి, శుక్రవారం

ఊర్ల ఆటోలు ఇన్నే ఉండాలని మున్సిపాలిటీ తోటి రాయిద్దమని మావోళ్లు పట్టుబట్టిన్రు. తెల్సిన వకీలు సాబ్ దగ్గరికి పోయిన. ఆయన నవ్విండు.

"ఇప్పుడు కౌన్సిలే లేదు గదనే. 2020ల గెలిచినోళ్ల పదవీకాలం మొన్న జనవరితోని అయిపాయె, స్పెషల్ ఆఫీసర్ నడుస్తుండు. కౌన్సిల్ ఉన్నా ఇది వాళ్ల చేతుల లేదు."

పర్మిటు ఇచ్చేది రవాణా శాఖ. 1988 మోటారు వాహనాల చట్టంల 74వ సెక్షన్ ఉన్నదట. ఆటోలు, టాక్సీలు ఇన్నే అని గిరి గియ్యాలంటే ఊర్ల జనం ఐదు లక్షలకు తక్కువ ఉండొద్దు, పైకెళ్లి కేంద్రం చెప్పాలె. ఐదు లక్షలెక్కడ, ఆర్మూర్ ఎక్కడ! ఇగ 117వ సెక్షన్ ఇంకోటి. స్టాండు ఎక్కడ పెట్టాలన్నది ఖరారు చేసేటప్పుడు స్థానిక సంస్థను అడగాలె. అంటే బండి ఎక్కడ ఆగాలన్న కాడ ఊరికి మాట ఉన్నది, ఎన్ని బండ్లన్న కాడ లేదు.

"నీ అల్లుడిది బ్యాటరీ బండి గద, 2018 నుంచి దానికి పర్మిటే అక్కర లేదు. నీ పర్మిటు సంగతి చెప్పు. అది కాంట్రాక్టు క్యారేజీ. ఒక కాడ ఎక్కించుకొని ఒక కాడ దించాలె. దారి పొంటి చెయ్యెత్తినోళ్లనల్లా ఎక్కించుకుంటున్నవా లేదా?"

నేను చాయ్ తాగుకుంట కూసున్న. చట్టం పట్టుకొని అల్లుణ్ణి ఆపబోతే ముందుగాల ఆగేది నా బండే.

18 ఫిబ్రవరి, మంగళవారం

వేల్పూర్ తొవ్వంట పసుపు ఉడికే వాసన. కల్లాలల్ల కొమ్ములు ఆరబోసిన్రు. నిజామాబాద్ యార్డుకు రేటు చూడబోయే పెద్దాయన ఒకాయన బస్టాండ్ దాంక నా బండెక్కిండు. సంక్రాంతి నాడు మొదలైన పసుపు బోర్డు మాట వచ్చింది. అంతట్ల ఆయన 2019 ఎలక్షన్లు యాది చేసిండు. బోర్డు కావాలె, రేటు కావాలె అని 178 మంది రైతులు నిజామాబాద్ ఎంపీకి నామినేషన్లేసి నిలబడ్డరు. మొత్తం 185 మంది. ఒక్కో బూతుల 12 యంత్రాలు వరుసగ పెట్టాల్సొచ్చింది.

"పటేలా, పసుపు ఇన్ని ఎకరాలే వెయ్యాలని ఎవరన్న గిరి గీస్తే మంచిగుండునా?" అని అడిగిన.

ఆయన జెర సేపు ఆలోచన చేసిండు. "రేటుకైతే మంచిదే. కాని పక్క చెల్కోణ్ణి నువ్వు వెయ్యకురా అని ఏ నోటితోటి అంటం?"

దిగినంక గూడ ఆ మాట బండిల్నే ఉండిపోయింది.

26 ఫిబ్రవరి, బుధవారం, శివరాత్రి

సిద్దుల గుట్టకు జనమే జనం. తిండికి గూడ తీరలే. అల్లుడు సీరియల్ల లేకుండనే రాత్రి దాంక బండి నడిపిండు. 46 మందిల ఒక్కడు గూడ ఎందుకని అడగలే. గిరాకి ఉన్ననాడు ఎర్ర గీత ఎవలికీ కానరాదు.

2 మార్చి, ఆదివారం

12వ నంబరాయన దుబాయి పోతుండు. వీసా వచ్చిందట. బండి అమ్మిండు. నంబర్ వేరే అమ్ముతడట, ముప్పై వేలకు. "నీ అల్లుడే కొనుక్కోనీ అన్నా, బయటోనికెందుకు" అన్నడు.

ముప్పై వేలు దేనికి? పుస్తకంల ఒక్క వరుసకు. కొత్త ఆటోలకు హైదరాబాద్‌ల ఏండ్ల సంది ఆంక్షలున్నయి. ఆడ పర్మిటు కాయితానికి బండంత ధర పలుకుతదని, అవన్ని ఫైనాన్సోళ్ల చేతుల్ల ఉంటయని మా బామ్మర్ది చెప్తుంటడు. పేపర్ల చదివిన న్యూయార్క్ కత గూడ యాదికొచ్చింది. 1937ల టాక్సీల లెక్కకు ఆడ గిరి గీసిన్రు. గిరి లోపలి టాక్సీ పర్మిటు బిళ్ల ధర 2014 వరకు పది లక్షల డాలర్లు దాటింది. యాప్ బండ్లొచ్చి ధర కూలింది. అప్పు చేసి కొన్న డ్రైవర్లు 2021ల సిటీ హాల్ ముంగట నిరాహారదీక్షకు కూసున్నరు.

మన గీత వయసు రెండేండ్లు గూడ లేదు. అప్పుడే ముప్పై వేలయ్యింది.

9 మార్చి, ఆదివారం

మీటింగు అయ్యింది. పోయేటోని నంబర్ పుస్తకానికే రావాలె, అమ్ముడు లేదు, ఖాళీ అయిన నంబర్ కొత్తగ అడిగినోళ్లల్ల ముందున్నోనికి అని నేను లేచి చెప్పిన. సగం మంది సరే అన్నరు. తక్కినోళ్లు తల దించుకున్నరు. ముసలాయన ఒకాయన మాత్రం లేచి, "నాకు పింఛన్ లేదు, పీఎఫ్ లేదు. నడుము పోయిననాడు ఈ నంబరే గద నా ఆస్తి" అన్నడు. దానికి జవాబు చెప్పనీకి నాకు నోరు రాలే.

ఆఖరికి నా మాటే నిలిచింది. అల్లుడి పేరు 12ల రాసిన. 12వ నంబరాయన నా తోటి మాట్లాడకుండనే పోయిండు.

ఇది ఈ డైరీల తప్ప యాడా చెప్పలే. నాది 3వ నంబర్. మోకాళ్లు సహకరిస్తలేవు. ముప్పై వేలు అన్న మాట చెవుల పడ్డనాడు, 12కే అంత వస్తే 3కు ఎంతొస్తదని నేను గూడ లెక్క చూసుకున్న.