ఒక ఒర, మూడు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలన్నారు. కత్తుల సంగతి వాళ్లకే తెలియాలి. నేను మాత్రం పోయిన డిసెంబరులో, డాలస్ దగ్గర మా చెల్లెలి కొడుకు ఇంట్లో, ఒకే రైఫిల్‌లో మూడు క్యాలిబర్లు, అంటే మూడు కొలతల తూటాలు, హాయిగా ఇమడటం కళ్లారా చూసొచ్చాను. రండి, ఇలా కూర్చోండి. కాఫీ వస్తోంది. మధ్యలో లేచి వెళ్తానంటే మాత్రం ఊరుకోను.

ముందు ఒక్క ప్రశ్న. మీలో ఎన్.సి.సి. చేసినవాళ్లెవరు? చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారే! అయితే ఆ బరువైన కర్ర రైఫిల్ గుర్తుండే ఉంటుంది. చూడటానికి అచ్చం త్రీనాట్‌త్రీ. పేలిస్తే మాత్రం టప్‌మని చిన్న చప్పుడు. పాయింట్ టూ టూ! పాతిక మీటర్ల రేంజ్‌లో బోర్లా పడుకుని ఐదు తూటాలు కాల్చి, మోచేతుల మట్టి దులుపుకుంటూ, మాకు కాల్చడం నేర్పే ఉస్తాద్‌ని నేనడిగాను: "ఉస్తాద్, ఇంత పెద్ద తుపాకీకి ఇంత చిన్న గొంతేమిటి?" ఆయన ఏమీ అనలేదు. బోల్ట్ లాగి నా చేతిలో పెట్టాడు. దాని తలని వేళ్లతో తిప్పమన్నాడు. తిప్పాను. ఊడొచ్చింది!

అదిగో, ఆ క్షణం నుంచి ఈ పిచ్చి పట్టుకుంది నాకు.

సంగతేమిటంటే, .303 తూటాని అడుగున సరిగ్గా నట్టనడుమ పొడవాలి. .22 తూటాకి అక్కడ ఏమీ ఉండదు. దాన్ని రగిలించే మందంతా అంచులో ఉంటుంది. అందుకని ఫైరింగ్ పిన్ అంచు మీద తగిలేలా బోల్ట్ తల మార్చేశారు. 7.7 మిల్లీమీటర్ల గొట్టం ఉండాల్సిన చోట 5.6 మిల్లీమీటర్లది పెట్టారు. మరి మ్యాగజైన్? లోపలి సరంజామా తీసేసి ఉత్త పెట్టె ఉంచేశారు. తూటాలు ఒక్కొక్కటీ చేత్తో పెట్టడమే. పేలిన ఖోకాలు, అంటే తూటాల ఖాళీ గుల్లలు, ఆ పెట్టెలో రాలతాయి. ఖోకాలు లెక్క తప్పితే ఉస్తాద్ ఏం చేసేవాడో మీకు నేను చెప్పాలా?

ఈ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఉంది చూశారూ, దాని జీవితమంతా పరకాయ ప్రవేశమే. పుట్టుక .303. కుర్రాళ్ల చదువు కోసం .22 అయింది. పోలీసుల కోసం, కాపలావాళ్ల కోసం .410 మస్కెట్ అయింది. దానిది గాడుల్లేని నున్నటి గొట్టం. తూటా ఎక్కణ్నుంచి తెచ్చారో తెలుసా? .303 ఖోకానే మెడ నొక్కకుండా నిటారుగా వదిలేశారు! ఆ తర్వాత సైన్యం వాడే క్యాలిబర్ మామూలు జనానికి కూడదు కాబట్టి, వేటగాళ్ల కోసం .315, అంటే 8 మిల్లీమీటర్లది. ఇక 1962 యుద్ధం తర్వాత నాటో తూటాకి, 7.62కి, సరిపడేలా కొత్తది చేశారు. అదే 2ఏ. సైట్ మీద 2000 మీటర్ల దాకా అంకెలు చెక్కి, ఆనక 800 చాలని దిగొచ్చి, దానికి 2ఏ1 అని పేరు పెట్టారు. ఈ రెండూ ఇషాపూర్ కార్ఖానాలోనే. మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం అనుకునేరు, ఇది కోల్‌కతా దగ్గరిది.

ఆ 7.62 దగ్గర ఒక్క క్షణం ఆగండి. అసలు కిటుకు అక్కడే ఉంది. నాటో తూటా ఒత్తిడి .303 కంటే ఎక్కువ. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్ వెనకవైపు రైఫిల్ ఒంటికే తాళం పడుతుంది. తూటా పేలినప్పుడు ఆ తాపు తినేది ఒళ్లే. కాబట్టి ఒంటికే గట్టి ఉక్కు కావలసి వచ్చింది. గొట్టం మార్చితే సరిపోలేదన్నమాట.

మరి బోల్ట్ వెళ్లి ఒంటిని కాకుండా గొట్టాన్నే పట్టుకుంటే?

భలే అడిగారు! (అడగలేదా? అడిగారనే అనుకుంటాను.) అమెరికాలో యూజీన్ స్టోనర్ అనే ఇంజినీరు 1950లలో చేసిన పని అదే. ఆయన ఏఆర్ రైఫిల్‌లో బోల్ట్ ముందుకెళ్లి గొట్టం వెనక బిగించిన ఉక్కు ముక్కలో తాళం పడుతుంది. కొట్లాటంతా బోల్ట్‌కీ గొట్టానికీ మధ్యే తేలిపోతుంది. చుట్టూ ఉన్న ఒంటికి వాళ్లిద్దరినీ కలిపి పట్టుకోవడమే పని. అల్యూమినియం చాలు. అందుకే అంత తేలిక. అందుకే పై సగం పూర్తిగా తీసేసి వేరే పై సగం పెట్టుకోవచ్చు.

మీ ఇంట్లో జంతికల గొట్టం ఉందిగా? పిండి నొక్కేది ఒకటే. అడుగున బిళ్ల మారిస్తే కారప్పూస, ఇంకో బిళ్ల పెడితే జంతికలు, మరోటి పెడితే రిబ్బను పకోడీ. స్టోనర్ గారు జంతికలు తిని ఎరుగరు, పాపం. తింటే ఈ ఆలోచన ఇంకా ముందే వచ్చేదని నా నమ్మకం.

సరే, డాలస్‌కి వద్దాం. మావాడు బల్ల మీద పాత దుప్పటి పరిచి, తన 5.56 మిల్లీమీటర్ల ఏఆర్ రైఫిల్ పెట్టాడు. "ముందు మ్యాగజైన్ తీసి చాంబర్ చూడండి మావయ్యా, నేను చూశానన్నా మీరూ చూడాలి," అన్నాడు. ముచ్చటేసింది. మా ఉస్తాద్ మాటే అది. చూశాను, వేలు పెట్టి మరీ చూశాను. అప్పుడు రెండు పిన్నులు పక్కకి తోశాడు. ముందొకటి, వెనకొకటి. రైఫిల్ రెండు ముక్కలై దుప్పటి మీద పడుకుంది. ట్రిగ్గరూ భుజానికానే భాగమూ కింది సగంలో ఉన్నాయి. గొట్టమూ బోల్టూ పై సగంలో. పక్క గదిలోంచి ఇంకో పై సగం తెచ్చి పెట్టి పిన్నులు నొక్కాడు. నా కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే మావయ్యా. ఇది .300 బ్లాకౌట్."

ఆ బ్లాకౌట్ కథ వినండి. 5.56 ఖోకాని పొట్టిగా కత్తిరించి, దాని నోట్లో 7.62 రకం లావుపాటి బుల్లెట్ కూర్చోబెట్టారు. 2011లో దానికి అధికారిక కొలతలు ఖాయమయ్యాయి. ఖోకా అడుగు మారలేదు కాబట్టి అదే బోల్ట్, అదే మ్యాగజైన్. మారింది గొట్టం ఒక్కటే. ఎంత పొదుపైన బుర్రో చూడండి! అన్నయ్య చొక్కాని కత్తిరించి తమ్ముడికి కుట్టిన అమ్మలు మనకి తెలుసు కదా.

కానీ ఆ పొదుపులోనే ఒక పాము దాక్కుంది. మ్యాగజైన్ ఒకటే అయ్యేసరికి, బ్లాకౌట్ తూటా పొరపాటున 5.56 గొట్టంలోకి దూరే ప్రమాదం ఉంది. లావు బుల్లెట్ సన్న గొట్టం! రైఫిల్ పగిలిపోతుంది, పట్టుకున్నవాడి చేతులూ ముఖమూ ఏమవుతాయో చెప్పలేం. మావాడు బ్లాకౌట్ మ్యాగజైన్లకి ఎర్ర టేపు చుట్టాడు. ఆ తూటాలున్న పెట్టె ఒక రోజు, ఈ తూటాలున్న పెట్టె ఒక రోజు. రెండూ ఒకేసారి రేంజ్‌కి తీసుకెళ్లడు. శభాష్ అన్నాను.

ఖోకా అడుగు అన్నాను కదా, దాన్ని తూటా ఇంటిపేరు అనుకోండి. ఇంటిపేరు ఒకటైతే బోల్ట్ మార్చక్కర్లేదు. జర్మన్లు 1888లో చేసిన తూటా అడుగు ఇంచుమించు 12 మిల్లీమీటర్లు. అమెరికా వాళ్ల .30-06 దీ అంతే (ఆ 06 ఏమిటనుకున్నారు? 1906!). 1952లో వచ్చిన .308 దీ అంతే. దాని మెడ నొక్కి 1955లో .243 చేశారు. ఎన్ని పెళ్లిళ్లయినా ఆ వంశం ఇంటిపేరు మారలేదు. అదే కలాష్నికోవ్ తూటా తెచ్చారనుకోండి, ఇంటిపేరు వేరు. బోల్ట్ మార్చాలి. పైగా ఆ ఖోకా అడుగున లావుగా మొదలై పైకి సన్నబడుతుంది, పక్కపక్కన పేరిస్తే వంపు తిరుగుతుంది. ఆ మ్యాగజైన్ అరటిపండులా ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందా?

ఈ పేర్ల మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదుంది. .300 బ్లాకౌట్, .308, .30-06. మూడింటి బుల్లెట్ లావూ ఒకటే! అంగుళంలో .308 వంతు. ఒక్కడికి మూడు ముద్దుపేర్లు. పోనీ .303 అయినా .303 ఉంటుందా అంటే, బుల్లెట్ .311. కొలిచేది గాడుల మధ్య గట్ల దగ్గరా, గాడుల లోతు దగ్గరా అన్నదాన్ని బట్టి అంకె మారుతుందట. ఈ సంగతి ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

జర్మనీ వాళ్ల పనితనం ఇంకో రకం సుఖం. ఈస్నీ అనే ఊళ్లో బ్లాజర్ కంపెనీ ఉంది. వాళ్ల ఆర్8, 2008లో వచ్చింది. అడుగున రెండు నట్లు, ఒక తాళంచెవి లాంటి పానా. నట్లు వదులు చేస్తే గొట్టం చేతికొస్తుంది. నట్లు మాత్రం ఊడి రాలవు, కర్రలోనే ఉండిపోతాయి. గడ్డిలో చీకట్లో నట్టు వెతికిన వేటగాడెవడో చెప్పి చేయించి ఉంటాడు. దీంట్లోనూ బోల్ట్ వెళ్లి గొట్టాన్నే పట్టుకుంటుంది. దుర్భిణీ గొట్టం మీదే కూర్చుంటుంది కాబట్టి, గురి కూడా గొట్టంతో పాటే వెళ్లి గొట్టంతో పాటే తిరిగొస్తుంది. ఒంటి మీద దుర్భిణీ ఉండే రైఫిళ్లలో గొట్టం మార్చినప్పుడల్లా మళ్లీ గురి సరిచేసుకోవాలి, అంటే జీరో చేసుకోవాలి. అది తప్పదు, బద్ధకించకండి.

గొట్టం విడిగా కొని బిగిస్తే ఇంకో పరీక్ష ఉంది. తూటా ఆకారంలో రెండు ఉక్కు గేజ్‌లు. ఒకదాని మీద బోల్ట్ మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. వెంట్రుకంత తేడా కూడా ఒప్పుకోదు. ఎంత ముద్దుగా ఉంటుందో ఆ పరీక్ష!

మన దగ్గర ఈ సరదాకి దారి ఇరుకు. లైసెన్సు మీద క్యాలిబర్ రాసి ఉంటుంది. ఆ గీత దాటకూడదు, అంతే.

అన్నట్టు, మూడు క్యాలిబర్లన్నాను, రెండే చెప్పాను. మూడోది దాచిపెట్టాను మీకోసం. బ్లాకౌట్ తీసేసి మళ్లీ 5.56 పై సగమే పెట్టాడు మావాడు. ఈసారి గొట్టం మార్చలేదు. లోపలి బోల్ట్ తీసి ఇంకో బోల్ట్ జారవిడిచాడు, ఇంకో సన్నటి మ్యాగజైన్ పెట్టాడు. ఏమైందో తెలుసా? పాయింట్ టూ టూ! 5.56 గొట్టమూ .22 గొట్టమూ లావులో ఇంచుమించు ఒకటే. అది 4 గ్రాముల బుల్లెట్‌ని సెకనుకి 900 మీటర్లు దాటించి తోస్తే, ఇది 2.6 గ్రాముల దాన్ని 330 దగ్గర తోస్తుంది. గొట్టం ఇద్దరినీ పలకరిస్తుంది.

మర్నాడు రేంజ్‌కి వెళ్లాం. "ఏది కాలుస్తారు మావయ్యా?" అన్నాడు. ఏది అడిగానో మీకు తెలుసు. చెవులకి మూతలు పెట్టుకుని పాతిక గజాల దగ్గర అట్ట పెట్టించి, కుర్చీ వద్దని బోర్లా పడుకున్నాను. టప్. టప్. టప్. టప్. టప్. లేచాక మోచేతులు దులుపుకుని, కింద రాలిన ఖోకాలు ఏరడం మొదలుపెట్టాను.

"అవి వదిలేయండి మావయ్యా, ఇక్కడ ఎవరూ లెక్కపెట్టరు," అన్నాడు మావాడు.

ఐదూ దొరికాకే లేచాను.