సైనికనియమము – గృహధర్మము

సైన్యపు నియమములు సైన్యమునకే చెందినవనియు, వాని మంచిచెడ్డలు సేనాపతులు చూచుకొందురనియు, సంసారులమైన మనకు అందు జోక్యము లేదనియు సాధారణముగా తలంతుము. యుద్ధతంత్రము విషయమున ఆ తలంపు సరియే. కాని కొన్ని నియమములు శిబిరపు గోడలలో నిలువవు. సెలవుపై వచ్చు బిడ్డతోపాటు రైలెక్కి, మన గడప దాటి, పెండ్లిపీటలవరకు వచ్చును. స్వలింగప్రేమికులగు సైనికుల విషయమున మన దేశమున నడుచుచున్న నియమము అట్టిది. దానిని ఇంటివైపునుండి చూచి నాలుగు మాటలు వ్రాయవలెనని మా ఉద్దేశము.

మా చిత్తూరు సీమకు సైన్యము దూరపు మాట కాదు. 1971 యుద్ధమున మహావీరచక్రము పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్‌గారు తిరుపతివారు. 2021 డిసెంబరు 8న కూనూరు సమీపమున హెలికాప్టరు కూలి జనరల్ బిపిన్ రావత్‌గారు మరణించినపుడు, ఆయన రక్షణకై వెంటనుండి ప్రాణము విడిచిన యువకుడొకడు కురబలకోట మండలమువాడు. మా బడిలో చదివి పటాలమున చేరిన పిల్లలు సెలవులకు వచ్చినపుడెల్ల మమ్ము పలుకరించి పోవుచుందురు. కాబట్టి సైన్యమును తక్కువచేయుటకు ఈ వ్రాత పుట్టలేదు.

ముందు చట్టము సంగతి చెప్పవలెను. 1860లో ఆంగ్లేయులు చేసిన శిక్షాస్మృతి, 377వ సెక్షనున, ప్రకృతివిరుద్ధమైన సంగమమును నేరముగా నిర్ణయించినది. వయస్సు వచ్చినవారు పరస్పరసమ్మతితో ఏకాంతమున నడుపు సంబంధము నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు. కాని 1950 నాటి సైనికచట్టమున 46వ సెక్షను నిలిచియున్నది. క్రూరమైన, అసభ్యమైన, లేక ప్రకృతివిరుద్ధమైన అవమానకర ప్రవర్తనకు కోర్టు మార్షలు ఏడేండ్లవరకు ఖైదు విధింపవచ్చునని అది చెప్పుచున్నది. స్వలింగప్రేమికుడు సైన్యమున ఉండరాదను వాక్యము ఆ చట్టమున లేదు. ఆ ఒక్క విశేషణమే అంత పనియు చేయుచున్నది.

మేము బడిలో తత్సమతద్భవములు చెప్పునపుడు ‘రాత్రి’ ప్రకృతి, ‘రాతిరి’ వికృతి అని చెప్పుదుము. వికృతియైనంతమాత్రమున ఆ మాటను ఎవరును దండింపరు. మన ఇండ్లలో దినదినము పలుకునది అదియే. వైయాకరణుని చేతిలో ఇంత సాధువైన భేదము చట్టము చేతిలో ఏడేండ్ల ఖైదైనది.

2019 జనవరిలో, అప్పటి సేనాధిపతియగు రావత్‌గారు, ఇట్టి సంబంధములను సైన్యమున సాగనీయమని పత్రికలవారితో చెప్పిరి. సైన్యము సంప్రదాయబద్ధమైనదని ఆయన వాదము. ఒక సైన్యాధికారి స్వలింగప్రేమను ఇతివృత్తముగా గైకొన్న చలనచిత్రమునకు 2022 జనవరిలో రక్షణశాఖ అనుమతి నిరాకరించినది. విశాఖపట్టణమున నౌకాదళమున పనిచేయుచు, స్త్రీగా మారుటకు శస్త్రచికిత్స చేయించుకొన్న నావికవ్యక్తిని 2017 అక్టోబరులో ఉద్యోగమునుండి తొలగించిరి. అది తన్ను తాను స్త్రీగా ఎఱుగుటకు సంబంధించినది, మేము చెప్పునది అనురాగమునకు సంబంధించినది, రెండును వేరు. ఐనను, దాపరికము విడిచినవారికి ఏమి జరుగునో తక్కిన యువకులు ఇట్టి సంగతులనుబట్టియే నేర్చుకొందురు.

మేమెఱిగిన ఒక యువకుని విషయము చెప్పెదము. ఆతనిని గుర్తింపదగిన వివరములన్నియు మార్చితిమి. అట్లు మార్చవలసివచ్చుట ఈ నియమపు ఫలములలో ఒకటి. ఆతడు పందొమ్మిదవ ఏట పటాలమున చేరెను. ఆతడు పంపిన సొమ్ముతో తండ్రి బోరుబావి వేయించెను. చెల్లెలి పెండ్లి జరిగెను. కొంతకాలము క్రిందట ఆతని తల్లి ఒక పిల్ల ఫోటోయు జాతకమును తీసికొని మా ఇంటికి వచ్చినది. “అయ్యవారూ, ఇది మూడో సంబంధం. పిల్ల డిగ్రీ చదివింది. మా అబ్బోడు ఔననడు, కాదనడు. మీ మాట దాటడు. మీరు ఒక మాట చెప్పండి” అని వేడుకొన్నది.

ఆ సాయంకాలము ఆతడే వచ్చెను. చెఱువుకట్టవైపు నడుచుచు చాలసేపు పొలముల సంగతి, వానల సంగతి మాటలాడి, తుదకు చెప్పెను: “సార్, నాకు ఆడపిల్లలమీద ఆ ధ్యాస పుట్టలేదు. పుట్టదని నాకు తెలిసి పదేండ్లయింది. పటాలంలో నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. ఇంకా పెండ్లి కాలేదేమని ఇప్పటికే ఒకమాదిరిగా చూస్తున్నారు. చేసుకుంటే ఆ చూపులు ఆగుతాయి.”

“మరి ఆ పిల్ల?” అంటిమి.

“ఆ పిల్ల ఊళ్లో మా అమ్మకాడ ఉంటుంది సార్. నేను వచ్చేది ఏడాదికి రెండు నెలలేగదా.”

ఆతడు క్రూరుడు కాడు. తోటివాడు మంచులో పడిపోగా భుజముపై మోసికొని వచ్చినవాడు. అట్టివాడు ఒక ఆడుబిడ్డ బ్రదుకును ఏడాదికి రెండు నెలల లెక్కలో వేయుట ఎవరు నేర్పిరి? మన ఇండ్లలోని భయము కొంత నేర్పినది. మిగిలినది పటాలపు నియమము నేర్పినది. పెండ్లి ఆతనికి కవచము. ఆ కవచము మోయవలసినది మాత్రము ఆ పిల్ల. పదేండ్లు గడచునప్పటికి, లోపము తనయందే ఉన్నదని ఆమె కొండమెట్లెక్కి మ్రొక్కుకొనుచుండును. ఊరు ఆమెనే గొడ్రాలనును. సైనికచట్టమున ఆమె పేరు లేదు; ఐనను ఆ శిక్షలో పెద్దభాగము ఆమెదియే.

1881 డిసెంబరులో వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిననాటినుండి సంస్కర్తలు మనలను అడుగుచు వచ్చిన ప్రశ్న ఒక్కటే: ఈ పెండ్లి ఎవరి సౌకర్యమునకు? పిల్లకు తెలిసి జరుగుచున్నదా? కన్యాశుల్కమును, బాల్యవివాహమును ఆ ప్రశ్నతోనే గెంటివేసితిమి. ఉద్యోగరక్షణకై నిజము దాచి చేయు పెండ్లిని అదే ప్రశ్న ఎదుట నిలుపక తప్పదు.

క్రమశిక్షణ చెడునని కొందరందురు. ఒకే గుడారమున పదిమంది పండుకొనుచోట ఇట్టివి పొసగవందురు. పై అధికారి క్రిందివానిని బలవంతపెట్టినచో, లేక ఒకడు ఇష్టములేనివానిపై చేయివేసినచో, దండింపవలసినదే. బలాత్కారమును బలాత్కారమనియే పేర్కొని దండింపవచ్చును. అందులకు ప్రకృతిని సాక్ష్యమునకు పిలువనక్కఱలేదు. మనకీ చట్టపు మాటలను నేర్పిన ఆంగ్లేయులే, ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 1999లో చెప్పిన తీర్పు పిమ్మట, 2000 జనవరిలో తమ సైన్యమున ఈ నిషేధమును ఎత్తివేసిరి. 2023 జూలైలో వారి ప్రధానమంత్రి, వెనుక వెళ్లగొట్టబడినవారికి పార్లమెంటున క్షమాపణ చెప్పెను. ‘అడుగవద్దు, చెప్పవద్దు’ అని 1993లో అమెరికావారు చేసిన ఏర్పాటు 2011 సెప్టెంబరుతో ముగిసినది. ఆ సేనలు ఇందువలన చెదరిపోలేదు.

పల్లెలనుండి వచ్చు మన జవాన్లు దీనిని సహింపరను మాట వేఱొకటి. ఆడువారి ఆజ్ఞను పల్లెపట్టుల జవాన్లు అంగీకరింపరని ప్రభుత్వము ఇట్లే వాదింపగా, 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసి స్త్రీలకు శాశ్వత కమిషను ఇమ్మన్నది. పల్లెవారిని ఇంత బండవారినిగా ఎంచుట మాకు నచ్చదు. తిరుపతి గంగమ్మజాతరలో మ్రొక్కుబడికై మీసముల మగవారు చీరకట్టి పూలు ముడిచి వీథుల నడచుచుందురు. ఊరు నవ్వదు, నమస్కరించును. జాతరవేషమును స్వలింగప్రేమయు ఒకటి యని మేమనుట లేదు. మగతనమునకు ఒక్కటే రూపమని మా పల్లెలు ఎన్నడును పట్టుపట్టలేదని మాత్రమే చెప్పుచున్నాము.

రాజ్యాంగపు 33వ అధికరణము, సైనికుల ప్రాథమికహక్కులను ఎంతవరకు తగ్గింపవచ్చునో నిర్ణయించు అధికారమును పార్లమెంటునకు ఇచ్చినది. తగ్గించు చేయియే సడలింపనువచ్చును. ఆ ఒక్క విశేషణమును చట్టమునుండి తీసివేసిన చాలును; బలాత్కారమునకు శిక్ష ఉండనే ఉండును.

అంతవరకు మన చేతిలో ఉన్నది మన ఇల్లు. ఆ తల్లితో మేము, “అమ్మా, పిల్లవాని మనసు లేనిది ముహూర్తము పెట్టవద్దు” అని మాత్రము చెప్పితిమి. అంతకుమించి చెప్పుటకు ఆ రహస్యము మాది కాదు. ఆమె నొచ్చుకొని వెళ్లినది. ఆతడు సెలవు ముగించుకొని సరిహద్దునకు పోయినాడు. శ్రావణము వచ్చినచో ఆ యింట మరల పెండ్లిమాట లేచును. తల్లికి నిజము చెప్పవలెనని ఆతనికి ఉన్నది. కాని ఊరిలో పుట్టిన మాట పటాలమునకు చేరుట ఎంతసేపు? దేశమునకై ప్రాణమీయ సిద్ధమైనవాడు కన్నతల్లితో ఒక్క నిజము చెప్పుటకు జంకుచున్నాడు.