మా ఊరామె (హాస్టల్ జ్ఞాపకాలు – 9)



హాస్టల్లో రాత్రిళ్ళు పట్టుకునే భయాల గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. రాయబోతే చెయ్యి ఆడలేదు. ఈలోగా యూనివర్సిటీలో చదువుకునే ఒక తమ్ముడు ఒక పుస్తకం చేతిలో పెట్టి, "అన్నా, పిల్లల నవలే, కానీ నువ్వు చదవాలి" అన్నాడు. నా ఇంగ్లీషు నిదానం. నాలుగు రాత్రులు పట్టింది. చదివాక రాయక తప్పలేదు.

పుస్తకం పేరు 'ఎ మాన్‌స్టర్ కాల్స్'. 2011లో వచ్చింది. ఈ కథ ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆమె దాన్ని పూర్తిగా రాయకముందే 2007లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ ఆలోచనను అందుకుని ప్యాట్రిక్ నెస్ నవల రాశాడు.

ఇంగ్లండ్‌లో కోనర్ అనే పదమూడేళ్ళ పిల్లవాడు. అమ్మకు పెద్ద జబ్బు. తండ్రి వేరే కాపురం పెట్టుకుని అమెరికాలో ఉంటాడు. ఒక రాత్రి 12:07కి, ఇంటి వెనక గుట్ట మీది శ్మశానంలో ఉన్న చెట్టు రాక్షసుడిగా మారి కిటికీ దగ్గరికి నడిచొస్తుంది. నేను మూడు కథలు చెబుతాను, నాలుగోది నువ్వు చెప్పాలి, అది నీ నిజం కావాలి అంటుంది. పిల్లవాడు ఆ రాక్షసుడికి భయపడడు. రోజూ తనకొచ్చే పీడకలలో అంతకంటే ఘోరం చూస్తున్నాడు మరి. ఆ కల గురించి మాత్రం ఎవరికీ చెప్పడు.

ఈ నవలలో మాయ అంటే ఇంతే. ఆ చెట్టు జబ్బు నయం చెయ్యదు, శత్రువులను చంపదు. పిల్లవాడి నోటితో నిజం చెప్పించడానికి వస్తుంది.

మూడో కథ ఎవరికీ కనపడని మనిషిది. అందరికీ కనపడేలా చేశాక అతను ఇంకా ఒంటరివాడవుతాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. బళ్ళో మామూలు రోజుల్లో మేం ఎవరికీ కనపడేవాళ్ళం కాదు. స్కాలర్‌షిప్ ఫారాలొచ్చిన రోజు "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనేవాళ్ళు. ఆ ఒక్క రోజు క్లాసంతా మావైపు చూసేది. ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

నా నాలుగో కథ ఇది. ఏడో తరగతి. మిరప కోతల కాలం. అమ్మ రెండు బస్సులు మారి, కోత చీరతోనే నన్ను చూడటానికి బడికొచ్చింది. చేతిలో కారప్పూస సంచి. నా పక్కన ఊళ్ళో పెద్దిళ్ళ పిల్లలున్నారు. ఒకడు "ఎవర్రా ఆమె?" అన్నాడు.

"మా ఊరామె" అన్నాను.

అమ్మ వినింది. ఒక్క క్షణం నావైపు చూసి, సంచి నా చేతికిచ్చి, "మీ అమ్మ పంపింది, తిను నాయనా" అని వెనక్కి తిరిగింది.

ఆ రోజు నుంచి నాకు రోజూ పొద్దున కడుపునొప్పి. ఆస్పత్రిలో నులిపురుగుల మాత్ర ఇచ్చారు. రాత్రిళ్ళు అమ్మ చచ్చిపోయినట్టు కల వచ్చేది. నేనే చంపానని అనిపించేది. ఎవరైనా నన్ను కొడితే బాగుండనుకునేవాణ్ణి. కోనర్ కూడా అంతే. తప్పు చేసి, శిక్ష కోసం ఎదురుచూస్తాడు. అమ్మకు బాగోలేదని జాలిపడి ఎవరూ శిక్షించరు. ఆ జాలి వాణ్ణి ఇంకా కుంగదీస్తుంది.

వాడు దాచిన నిజం ఏమిటంటే, అమ్మ పోతుందని వాడికి తెలుసు. ఆ ఎదురుచూపు భరించలేక, అంతా అయిపోతే బాగుండని లోపల ఒక మూల కోరుకున్నాడు. రాక్షసుడు వాణ్ణి తిట్టడు. మనిషి మనసు ఒకేసారి రెండు విరుద్ధమైన కోరికలు కోరగలదని, మనసులో అనుకున్నది కాదు, చేసిన పని ముఖ్యమని చెబుతాడు.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. కోనర్ భయానికి కారణం రోగం. దాన్ని ఏ మనిషీ తయారు చెయ్యలేదు. మా భయాన్ని మనుషులు తయారు చేశారు. అమ్మ చీర చూసి సిగ్గుపడటం నేను పుట్టుకతో నేర్చుకోలేదు, ఆ బడి నేర్పింది. అందుకే మన పిల్లలు నిజం చెప్పుకుని తేలికపడితే సరిపోదు. ఆ సిగ్గు ఎవరిదో కూడా తెలియాలి. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేసింది అదే. 1901లో తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలకు బండివాళ్ళు బండి కట్టనన్నదీ, రాత్రంతా నీళ్ళు దొరకనిదీ రాశాడు. చదివినవాళ్ళకు ఆ పిల్లల మీద జాలి ఒక్కటే కలగదు, నీళ్ళివ్వని మనుషులు కూడా కనపడతారు.

పుస్తకం అయిపోయిన రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట ఎత్తాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నువ్వు చిన్నోడివి నాయనా. మిరప చేలోంచి వచ్చానుగా, ఆ రోజు బస్సులో కళ్ళు బాగా మండినయ్యిలే" అంది. అని, అన్నం తిన్నావా అని అడిగింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనం హాస్టళ్ళకు వెళ్తాం. బియ్యం చూస్తాం, బాత్రూములు చూస్తాం, కలెక్టరుకు అర్జీ పెడతాం. అవన్నీ చెయ్యాల్సిందే. ఈసారి వెళ్ళినప్పుడు రాత్రికి అక్కడే ఉండండి. లైట్లు ఆర్పాక పిల్లల మధ్య కూర్చోండి. సలహాలివ్వకండి, ఉపన్యాసాలు వద్దు. ముందు మీ కథ ఒకటి చెప్పండి, మీరు గెలిచింది కాదు, సిగ్గుపడింది. తర్వాత ఊరుకోండి. రోజూ పొద్దున కడుపునొప్పి వచ్చే పిల్లో పిల్లాడో అక్కడ ఉంటారు. నోరు విప్పుతారు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా కిటికీ దగ్గరికి ఏ చెట్టూ నడిచి రాలేదు. మీరు నడిచి వెళ్ళండి.

జై భీమ్.