తీరు తెలిసిన ఊరు

మోత్కూర్‌లో బస్సు దిగి మా ఇంటికి వెళ్లాలంటే పది నిమిషాల నడక. కానీ పది నిమిషాల్లో ఇల్లు చేరినవాళ్లు లేరు. 'ఎప్పుడొచ్చినవ్‌ బిడ్డా?', 'ఎన్నొద్దులుంటవ్‌?', 'అల్లుడు రాలేదా?', 'గట్ల చిక్కిపోయినవేంది?'... అడుగుకో ప్రశ్న! హైదరాబాద్‌ నుంచి సెలవుకొచ్చే ఎవరికైనా ఆ పలకరింపులు వింటే ప్రాణం లేచొస్తుంది. నా సంగతి వేరు. భువనగిరి దాటిన దగ్గర్నుంచే జవాబులు సిద్ధం చేసుకుంటాను. ఎవరికి నవ్వాలి, ఎంతసేపు నవ్వాలి, ఏ మాట దగ్గర 'మరి వస్తా చిన్నమ్మా' అనాలి... అన్నీ పాఠంలా వల్లె వేసుకోవాలి. ఇల్లు చేరేసరికి పొలంలో రోజంతా కలుపు తీసినంత అలసట.

ఇది పొగరు కాదు, సిగ్గూ కాదు. దీనికో పేరుందని నాకు ముప్ఫై మూడో ఏట తెలిసింది. ఆటిజం!

'పెద్దవాళ్లకి కూడానా?' అని ఆశ్చర్యపోకండి. ఆటిజం పిల్లలతోపాటే పెరుగుతుంది. మాట రాని పసివాడి దగ్గర్నుంచి, ఉద్యోగం చేస్తూ ఇల్లు నడుపుతూ లోలోపల నలిగిపోయే మనిషిదాకా అందరూ దీని పరిధిలో ఉంటారు. అందుకే వైద్యులు 2013 నుంచి విడివిడి పేర్లన్నీ తీసేసి, అన్నిటినీ కలిపి 'ఆటిజం స్పెక్ట్రమ్‌' అంటున్నారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటివి ఉన్నవాళ్లను కలిపి 'న్యూరో డైవర్జెంట్‌' అనడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. అంటే మెదడు నడిచే తీరు కాస్త వేరు అన్నమాట. అది జబ్బూ కాదు, ఎవరి పెంపకంలోనూ లోపం కాదు.

చింతగింజల లెక్క

నన్ను పరీక్షించిన సైకాలజిస్టు నా చిన్నతనం గురించి అమ్మతో ఫోన్లో మాట్లాడారు. 'చింతగింజలు పొద్దంతా వరుసగ పేర్సేది సారూ... ఒక్కటి జరిగినా ఇల్లు పీకి పందిరేసేది' అంది అమ్మ. పెళ్లి బ్యాండు వినపడితే గులిగె వెనక దాక్కునేదాన్నట. కొత్త గౌను వెనక కుట్టు గీరుకుంటే విప్పి పారేసేదాన్నట. ఆయన రెండు గంటలు అడిగి, రాసుకుని తేల్చిన విషయమంతా అమ్మ దగ్గర ముప్ఫై ఏళ్లుగా ఉంది. పేరొక్కటే లేదు.

పేరు దొరికాక ఏమైంది? మొదటి నెల ఏడ్చాను. రెండో నెల పుస్తకాలు చదివాను. మూడో నెలలో అసలు ప్రశ్న మొదలైంది. ఇప్పుడు ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి?

నగరంలో నాలాంటి పెద్దవాళ్లు కలుసుకునే చోటుందని తెలిసి వెళ్లాను. పదిమందిమి. ఎవరూ 'నా కళ్లలోకి చూసి మాట్లాడు' అనలేదు. ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ గంటన్నర నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. కానీ మాటలన్నీ ఇంగ్లిషులో. ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకోనిస్తారా, జీతం కోయకుండా ఇంటి నుంచి పనిచేయనిస్తారా... అన్నీ అవసరమైన సంగతులే. కానీ నా మనసు మాత్రం మోత్కూర్‌లో ఉన్న ఒక మనిషి దగ్గరికి పోతోంది.

బస్సుల టైంటేబుల్‌

మా పెద్దమ్మ కొడుకు. నాకు తమ్ముడు. ఇరవై ఏడేళ్లుంటాయి. ఆటిజం అని వాడికి చిన్నప్పుడే చెప్పారు. మాటలు తక్కువ. స్కూలు వయసులో భవిత కేంద్రానికి వెళ్లాడు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఆ కేంద్రాల్లో బొమ్మలతో, బొత్తాలతో, రంగులతో చాలానే నేర్పుతారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం వాడక్కడే నేర్చుకున్నాడు. కానీ అది బడి ఈడు పిల్లల కోసం పెట్టింది. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల లోపాల్ని ముందే గుర్తించే కేంద్రాలూ పద్దెనిమిదేళ్ల దాకానే. ఆ తర్వాత? పద్దెనిమిది నిండిన మర్నాడు ఆటిజం పోదు కదా!

ఆ తర్వాత వాడిని చూసుకుంది ఊరే.

రోజూ సాయంత్రం అయిదింటికి ఇంట్లోంచి బయల్దేరతాడు. ముందు టైలర్‌ షాపు. అక్కడ కింద పడ్డ దారపు ముక్కలు ఏరి డబ్బాలో వేస్తాడు. తర్వాత టీ హోటల్‌. సగం గ్లాసు చాయ్‌, రెండు ఉస్మానియా బిస్కెట్లు. తర్వాత బస్టాండు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది ఆలస్యమైందో వాడికి నోటి లెక్క. కొత్తగా వచ్చిన కంట్రోలర్‌ కన్నా వాణ్నే అడుగుతారు జనం. ఏడింటికి ఇంటికి. దారిలో ఎవరూ వాణ్ని ఆపి ప్రశ్నలు వేయరు. 'వానికి సప్పుడు పడదు, పోనియ్యున్రి' అంటారు. పిల్లలెవరైనా వెక్కిరిస్తే టైలరన్న కత్తెర కింద పెట్టి బయటికొస్తాడు. ఎవరికీ ఆటిజం అంటే తెలియదు. వాడి తీరు మాత్రం తెలుసు.

నా సంగతి పెద్దమ్మకి చెప్పినప్పుడూ ఇదే జరిగింది. గొంతు తడారిపోతుండగా, నేర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూనే విన్నది. 'గంతేనా? గది నీ చిన్నప్పటిసంది నాకెరుకనే. పేరు ఇప్పుడు పెట్టిన్రా?' అంది! ఆ రోజు నుంచీ నేను ఊరెళ్తే వాకిట్లోనే అందరికీ చెప్పేస్తుంది. 'పిల్ల అలిసొచ్చింది, రేపు మాట్లాడుదురు' అని. హైదరాబాద్‌లో అన్ని వేలు ఖర్చుపెట్టినా దొరకని మందు అది.

షట్టరు పడిన రోజు

ఇక్కడితో ఆపేస్తే 'పల్లెల్లో మంచితనం' అని కథ బాగానే ఉండేది. కానీ మొన్నొక వానాకాలంలో టీ హోటలాయన గుండెపోటుతో పోయాడు. కొడుకులు నగరంలో ఉన్నారు. హోటల్‌ మూతపడింది. తమ్ముడు అయిదున్నరకి వెళ్లి షట్టరు ముందు నిలబడ్డాడు. ఏడైంది, ఎనిమిదైంది. కదల్లేదు. మర్నాడూ అంతే. మూడో రోజు వానలో తడుస్తూ నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని లాగబోయినాయన్ని నెట్టేశాడు. పక్క ఊరి మనిషెవరో 'పిచ్చోడు, పోలీసులకి పట్టియ్యున్రి' అన్నాడు. టైలరన్న పరుగెత్తుకొచ్చి, ఇంటి నుంచి గ్లాసులో చాయ్‌ తెప్పించి, తన దుకాణం అరుగు మీద పెట్టాడు. రెండు బిస్కెట్లు కూడా. అప్పుడు గానీ వాడు షట్టరు ముందు నుంచి కదల్లేదు.

ఆ రాత్రి పెద్దమ్మ నాకు ఫోన్‌ చేసి ఒకే మాట అడిగింది. 'ఒక్క చాయ్‌ దుకాణం బందైతేనే గిట్లైతే, నేను పోయినంక వీనికెవలు?'

ఊరి ఆదరణలో ఉన్న బలమూ, బలహీనతా ఈ ప్రశ్నలోనే ఉన్నాయి. అది మనుషుల అలవాటు మీద నిలబడ్డది. ఆ మనుషులుంటే ఉంటుంది. పోతే పోతుంది.

మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టినవాడు

అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్‌ అని చిన్న ఊరుంది. అక్కడ 1933లో పుట్టాడు డొనాల్డ్‌ ట్రిప్లెట్‌. లియో కానర్‌ అనే వైద్యుడు 1943లో పదకొండు మంది పిల్లల్ని గమనించి, ఆటిజం మీద పేరుపొందిన పరిశోధనా పత్రం రాశాడు. అందులో మొదటి పిల్లవాడు డొనాల్డే. మూడేళ్ల వయసులో అతణ్ని ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాది తర్వాత తల్లిదండ్రులు వెనక్కి తెచ్చుకున్నారు. కొన్నాళ్లు దగ్గర్లోని ఓ రైతు దంపతుల దగ్గర పెంచారు. పిల్లవాడికి లెక్కపెట్టడం పిచ్చి. ఆ రైతు వద్దనలేదు. దున్నేటప్పుడు మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టించాడు!

డొనాల్డ్‌ డిగ్రీ చదివాడు. సొంతూరి బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశాడు. గోల్ఫ్‌ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో ఎనభై తొమ్మిదో ఏట ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. అతని గురించి రాయడానికి ఇద్దరు పాత్రికేయులు వెళ్తే, 'మా డాన్‌కి ఏమైనా బాధ కలిగిందో... మీ సంగతి చూస్తాం' అని ఊళ్లోవాళ్లే ఒకరి తర్వాత ఒకరు హెచ్చరించారట. చదువుతుంటే కత్తెర కింద పెట్టి బయటికొచ్చే మా టైలరన్న గుర్తొచ్చాడు.

అయితే తేడా కూడా చెప్పుకోవాలి. డొనాల్డ్‌ తండ్రి న్యాయవాది. అతను పనిచేసిన బ్యాంకు తల్లి తరఫువాళ్లది. తల్లిదండ్రుల తర్వాత కూడా అతనికి లోటు లేకుండా ఏర్పాట్లు ఉన్నాయి. మా తమ్ముడికి బ్యాంకు లేదు. రెండెకరాల చెలక, అందులో పత్తి! మరి మాలాంటివాళ్లకి దిక్కేంటి? చట్టమే.

కాగితాల్లో ఏముంది?

వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన కొత్త చట్టం వాటిని ఇరవై ఒకటి చేసింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు అందులో చేరాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. వైకల్యం నలభై శాతం, అంతకు మించి ఉందని వైద్యులు ధ్రువీకరిస్తే ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్‌కి అర్హత. మొత్తం నాలుగు శాతంలో ఆటిజం, మేధోపరమైన వైకల్యం, అభ్యసన లోపాలు, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి ఒక శాతం. సదరం శిబిరం అనే మాట మన జిల్లాల్లో అందరికీ తెలుసు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు గురించి తెలిసినవాళ్లు తక్కువ.

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు మాత్రం మరో చట్టంలో దొరికింది. అది 1999 నాటి నేషనల్‌ ట్రస్ట్‌ చట్టం. ఆటిజం, సెరిబ్రల్‌ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసమే ఆ చట్టం తెచ్చారు. పద్దెనిమిదేళ్లు దాటాక సొంతంగా నిర్ణయాలు తీసుకోలేనివాళ్లకి సంరక్షకుణ్ని నియమించే స్థానిక కమిటీ ప్రతి జిల్లాలోనూ ఉండాలి. దానికి పెద్ద కలెక్టరే. 'నిరామయ' పేరుతో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా ఉంది. సలహాకైతే సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్‌ అనేవారు, ఇప్పుడు నీపిడ్‌. మా జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్‌ వచ్చింది. అర్ధరాత్రి గుండె చిక్కబట్టుకోలేకపోతే 14416కి ఫోన్‌ చేయొచ్చు. 2022లో మొదలైన టెలి మానస్‌ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెద్దమ్మకిచ్చాను. ఆమె దాన్ని మడిచి పొదుపు సంఘం పుస్తకంలో పెట్టుకుంది.

సంఘం మీటింగులో...

నేను అనుకోనిది అక్కడే జరిగింది. తర్వాతి మీటింగులో కిస్తీల లెక్కలు అయిపోయాక పెద్దమ్మ ఆ కాగితం తీసింది. 'మా పిలగాని తీరు మీకెరుకనే. దీనికి చట్టం ఉన్నదట' అని మొదలుపెట్టింది. అందరూ విన్నారు. ఒకావిడ మాత్రం లేచి వెళ్లేటప్పుడు చెవిలో చెప్పిందట. వాళ్ల బిడ్డకి ఇరవై రెండేళ్లట, ఎవరైనా వస్తే లోపలి అర్రలో కూర్చోబెడతారట. వారం తిరక్కుండా మరొకావిడ... డిగ్రీ చదివి, ఏ ఉద్యోగంలోనూ నెల నిలవని కొడుకు గురించి. 'సోమరోడు అంటున్నరు. సోమరితనం కాదని నాకు అనిపిస్తది' అందట.

ఇప్పుడు నెలకో ఆదివారం నాలుగిళ్లవాళ్లు పెద్దమ్మ వాకిట్లో కలుస్తున్నారు. దీనికి పేరు లేదు, బోర్డు లేదు. వీలైనప్పుడు నేనూ వెళ్తాను. తల్లులు కాగితాల గురించి, మందుల గురించి మాట్లాడుకుంటారు. డిగ్రీ చదివిన అబ్బాయి దరఖాస్తులు నింపుతాడు. ఒకేసారి కూర్చుని పూర్తిచేయమంటే వాడి వల్ల కాదు. పావుగంటకోసారి లేచి తిరిగొస్తాడు. ఎవరూ ఏమీ అనరు. లోపలి అర్రలో ఉండే అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు గడప దాటలేదు. మూడోసారి వేపచెట్టు కింద మా తమ్ముడి పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది. వాడు దారపు ముక్కల డబ్బా ఆమె వైపు జరిపాడు. నేను ఆ ఇద్దరి పక్కన కూర్చుంటాను. ముగ్గురం మాట్లాడుకోం. నగరంలో ఆ కిటికీ దగ్గర దొరికిన హాయి... ఇక్కడ మా యాసలో, మా చెట్టు కింద.

ఊరికి తీరు తెలుసు. ఆసుపత్రికి పేరు తెలుసు. చట్టానికి శాతం తెలుసు. ఈ మూడూ కలిస్తేనే ఒక మనిషికి రేపటి మీద ధీమా వస్తుంది. ఆ కలపడం పైనుంచి ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూస్తే పుణ్యకాలం గడిచిపోతుంది. మీ వీధిలోనూ అయిదింటికి బయల్దేరి ఏడింటికి ఇల్లు చేరే మనిషొకరు ఉండే ఉంటారు. లేదంటే, బాగానే చదువుకుని, బాగానే పనిచేసుకుంటూ, పెళ్లింట్లో బ్యాండు మొదలవగానే మాయమయ్యే అమ్మాయి ఉండి ఉంటుంది. పలకరించండి. రెండు ప్రశ్నలు తక్కువే అడగండి.

మొన్న పెద్దమ్మ ఫోన్‌ చేసింది. ఎప్పటిలా 'నేను పోయినంక...' అని మొదలుపెడుతుందనుకున్నా. అది కాదు. 'భువనగిరి కలెక్టరాఫీసుకు ఏయే కాయితాలు పట్టుకపోవాలె? నాలుగిండ్లోళ్లం ఒకటే బస్సుల పోతున్నం. ఏ బస్సో మావోడే చెప్పిండు' అంది.