పాలపొడి డబ్బాలో అత్త గొంతు

మా మేనత్త పాడిన పాటను మొదటిసారి ఫోన్‌లో పట్టి ఆమెకే వినిపించాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, నా చేతికి తిరిగి ఇచ్చేసింది. "ఇది నేను గాదబ్బయా. ఎవురో తరిమితే పరిగెత్తతా పాడినట్టుండాది" అంది. నేను నవ్వాను. ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాక నవ్వు రాలేదు. అత్త పాటలో చరణానికీ చరణానికీ మధ్య నోరు మూసుకుని సాగదీసే కూనిరాగం ఒకటి ఉంటుంది. పాటకు అదే ఊపిరి. ఫోన్‌లో అది లేదు. మాట ఉన్నచోట గొంతు పెద్దగా ఉంది. మాట ఆగగానే గోడ కట్టినట్టు నిశ్శబ్దం.

తప్పు ఫోన్‌ది అనలేను. దాన్ని మాట్లాడుకోవడానికి చేశారు. బస్టాండులో నిలబడి మాట్లాడే మనిషి మాట అవతలివాళ్లకు తెలియాలంటే చుట్టూ ఉన్న మోత తగ్గాలి. అందుకని లోపలి సాఫ్ట్‌వేర్ ఒకేలా సాగే శబ్దాన్ని రొద అనుకుని తీసేస్తుంది. పలుకులతో, హెచ్చుతగ్గులతో వచ్చేదాన్ని మాట అనుకుని ఉంచుతుంది. చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తుంది, పెద్దదాన్ని అణుస్తుంది. అన్ని ఫోన్లూ ఇంతేనని కాదు. నా ఫోన్ చేసింది, ఆపే మార్గం ఎంత వెతికినా నాకు దొరకలేదు. దాని లెక్కలో మా అత్త కూనిరాగం ఒక ఫ్యాను.

అత్త సంగతైతే మళ్లీ పాడించుకోవచ్చు. మా పెదనాయన సంగతి అలా కాదు. మా అమ్మ తరఫు వాళ్లు శ్రీహరికోట యానాదులు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక అడవి విడిచి ఇవతలికి వచ్చినవాళ్లు. పెదనాయన ఆ అడవిలో పుట్టి పెరిగాడు. ఆయన పాడే ఒక పాటలో దీవిలోని తావుల పేర్లు వరసగా వస్తాయి. ఏ గుంటలో వేసవిలోనూ నీళ్లుంటాయో, ఏ తోపు దగ్గర తేనె దొరుకుతుందో ఆ వరసను బట్టే తెలుస్తుంది. పాటలాగా కనిపించే దారి అది. దాన్ని కూడా నేను ఫోన్‌లోనే పట్టాను. ముసలి గొంతు, పేరు చివరికొచ్చేసరికి సన్నబడుతుంది. సన్నబడినచోటల్లా ఫోన్ దాన్ని రొద కిందికి తోసేసింది. రెండు పేర్లు సగంలో తెగిపోయాయి. ఇంకోసారి పాడించుకుందాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు.

మన గురించి పుస్తకాలు లేవని కాదు. థర్‌స్టన్ దొర దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. తలలూ ముక్కులూ కొలిచిన దొర ఆయన. యానాదులు ఏడో సంపుటంలో ఉంటారు. మన పక్షాన పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో 'ది యానాదీస్' అనే పుస్తకం రాశారు. టీచర్లు ఆ రెండో పుస్తకం చదవాలి. కానీ ఎంత మంచి పుస్తకంలోనైనా గొంతు ఉండదు కదా.

మన గొంతు మనమే పట్టుకోవాలంటే ఏం కావాలని అడిగితే, నెల్లూరులో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దమనిషి ఒకాయన "మైకు ఎవుడైనా అమ్ముతాడు సార్, ముందు ప్రీఆంప్ సంగతి చూడండి" అన్నాడు. ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

సంగతి ఇది. పాట గాలిలో వచ్చి మైకును తాకితే పుట్టే విద్యుత్తు మిల్లీవోల్టుకు అటూ ఇటూ, అంటే వోల్టులో వెయ్యో వంతు. రికార్డు చేసే యంత్రానికి దానికి వందల రెట్లు కావాలి. మధ్యలో నిలబడి పెంచేదే ప్రీఆంప్లిఫయర్. ఇందులో కంప్యూటర్ బుర్ర ఏదీ ఉండదు. ఇది అనలాగ్. వచ్చిన అలను అంకెలుగా మార్చదు, ఏది మాట, ఏది రొద అని తీర్పు చెప్పదు. ఉన్నదాన్ని ఉన్నట్టు వంద రెట్లు చేసి అవతలికి ఇస్తుంది. కూనిరాగాన్నీ పెంచుతుంది, కోడి కూతనూ పెంచుతుంది. అక్కడే ఒక చిక్కు కూడా ఉంది. ఈ మొదటి మెట్టులోనే రొద చేరితే అది కూడా పాటతో పాటు వంద రెట్లవుతుంది. తర్వాత ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా శుభ్రంగా విడదీయలేం. శ్రీహరికోటలో రాకెట్ నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని అందుకునే చోట కూడా ఇదే నియమం. మొదటి ఆంప్లిఫయర్ నిశ్శబ్దంగా ఉండాలి.

ఇక మైకు. చొక్కా గుండీ అంత ఉండే ఎలక్ట్రెట్ మైకు. దీన్ని 1962లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు కనిపెట్టారు. వెస్ట్ నల్లజాతి మనిషి. ఈ మాట మా పిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను.

సామాన్ల కోసం సూళ్లూరుపేట దాకా పోయి, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో మద్రాసు సెంట్రల్‌లో దిగి రిచీ స్ట్రీట్‌కు పోయాను. సన్నటి సందు. అటూ ఇటూ అంగళ్లు, నేల మీద పరిచిన వైర్లు, నడవడానికి అడుగు చోటు లేని జనం. రెసిస్టర్లు, కెపాసిటర్లు, జీరో బోర్డు, సోల్డరింగ్ ఐరన్, సీసం, నాలుగు మైకులు కొన్నాను. కెపాసిటర్‌ను మా మెకానిక్ కండెన్సర్ అంటాడు, అంగట్లో రెండు పేర్లూ చెల్లుతాయి. అన్నిటికన్నా చవక ఐసీ, రెండు టీల ధర. తెలిసీ తెలియక, పేరు ఎక్కడో విన్నానని 741 కొన్నాను.

అమరిక కష్టమైనది కాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ. రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో దాన్ని సగం చేస్తే నాలుగున్నర వోల్టుల దగ్గర ఒక నడిమి గట్టు దొరుకుతుంది. పాట అల ఆ గట్టుకు పైకీ కిందికీ ఊగుతుంది. మైకులో కూడా చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది, దానికి ఇంకో రెసిస్టర్ ద్వారా కరెంటు ఇవ్వాలి. ఎన్ని రెట్లు పెంచాలో రెండు రెసిస్టర్లు తేలుస్తాయి. 100 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ పెడితే 100ను 1తో భాగించి ఒకటి కలపాలి, అంటే 101 రెట్లు. ఈ లెక్క ఐదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు.

లెక్క కుదిరింది, శబ్దం కుదరలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే వాన కురుస్తున్నట్టు ఒకటే 'స్‌స్‌స్'. ఆ ఐసీ పాతకాలపుది, ఈ పనికి రొద ఎక్కువ. ఎన్‌ఈ5532 వాడమని మెకానిక్ చెప్పాడు. రెండోసారి మద్రాసు. తెచ్చి, 741 పీకి అదే సాకెట్లో గుచ్చాను. చప్పుడే లేదు. రెండింటికీ ఎనిమిది కాళ్లే కానీ కొత్తదానిలో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి, కాళ్ల వరస వేరు. ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక ఆదివారం, ఒక ఐసీ పోయాయి. బోర్డు మళ్లీ మొదటినుంచి కట్టాను. వాన తగ్గింది. అయితే ఈ ఐసీకి ఆకలి ఎక్కువ, పాట ఉన్నా లేకపోయినా ఎనిమిది మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతూనే ఉంటుంది. ఒకరోజు స్విచ్ ఆపడం మరిచిపోయి పడుకున్నాను, తెల్లారేసరికి బ్యాటరీ నీరసించిపోయింది.

బ్యాటరీ ఖర్చు ఎందుకని ఒకసారి ఫోన్ చార్జర్ లాంటి అడాప్టర్ పెట్టి చూశాను. కందిరీగల తుట్టెలో తల పెట్టినట్టయింది. మళ్లీ బ్యాటరీకే వచ్చాను. లాప్‌టాప్‌ను కూడా చార్జర్ తీసేసి వాడతాను. అయినా ఇంటి కరెంటు తీగల నుంచి 'హుమ్' అని ఒక మూలుగు వస్తూనే ఉంది. చుట్టూ లోహపు పెట్టె ఉండి, దాన్ని బోర్డు ఎర్త్‌కు కలిపితే పోతుందన్నారు. స్టీలు టిఫిన్ డబ్బా తీసుకున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలుకు మామూలు సీసం అంటదు, ఎంత కాల్చినా పూసలా జారిపోతుంది. మా ఇంట్లో పాలపొడి రేకు డబ్బా ఖాళీగా ఉంటే దానికి అతికించాను. వెంటనే పట్టింది. మూత పెట్టగానే మూలుగు ఆగింది, తీయగానే మొదలైంది. ఈ ప్రయోగం బడిలో మూడుసార్లు చేయించారు పిల్లలు.

మైపాడు వైపు సముద్రానికి ఇంత దగ్గరగా ఉండేవాళ్లకు ఒక మాట. ఉప్పుగాలి మన సైకిల్ చైన్లను తిన్నట్టే బోర్డునూ తింటుంది. నా మొదటి బోర్డు రెండో వానాకాలానికే పచ్చటి చిలుము పట్టి చచ్చిపోయింది. సోల్డరింగ్ అయ్యాక మిగిలిన జిగురును స్పిరిట్‌తో తుడిచి, పైన గోళ్లరంగు ఒక పూత వేయండి. ఐసీ సాకెట్లో మాత్రం పడనివ్వకండి. మా ఆవిడ గోళ్లరంగు సీసా సగం దీనికే అయిపోయింది. ఆ తగాదా ఇంకా తీరలేదు.

డబ్బా సిద్ధమైంది, సౌండ్ కార్డు ద్వారా లాప్‌టాప్‌కు కలిపాను, డబ్బు పెట్టక్కరలేని ఆడాసిటీ వేసుకున్నాను. పొద్దుగూకినాక అత్త గుడిసె దగ్గరికి పోయాను. హెడ్‌ఫోన్లలో సముద్రమంత మోత. మా సంఘం చుట్టూ రొయ్యల గుంటలు. రాత్రంతా ఏరేటర్లు తిరుగుతాయి. చెవికి అలవాటైపోయి మాకు వినపడదు గానీ డబ్బా వినకుండా ఉండదు. అత్త కొడుకు ఆ గుంటల దగ్గరే కాపలా. "ఒక్క అరగంట ఆపించు బావా" అన్నాను. "రాత్రిపూట ఆపితే గాలాడక రొయ్య పైకి తేలిపోద్ది. ఆ నష్టం నా జీతంలో ఎన్నేళ్లు పట్టుకుంటారో తెలుసునా?" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పగలైతే ఎండకు నీళ్లలోని పచ్చటి నాచే ప్రాణవాయువు ఇస్తుంది కాబట్టి ఏరేటర్లు తక్కువ తిప్పుతారు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేచి సరుగుడు తోట హోరు పెడుతుంది. ఆ రెండింటికీ మధ్య పొద్దున పది, పదకొండు గంటలు మాది. ఆదివారాలు మాత్రమే.

మొదటి ఆదివారం నేను పెద్ద స్టూడియో వాడిలాగా పనిచేశాను. కోళ్లను తరిమాను, పిల్లల్ని పంపేశాను, అత్త చేతిలో చేట కూడా తీసి పక్కన పెట్టాను. మైకుకు పాత బనియన్ గుడ్డ చుట్టి జానెడు దూరంలో పెట్టి పాడమన్నాను. అత్త పాడింది. మూలుగు లేదు, వాన లేదు, ఏరేటర్ లేదు. పాట కూడా లేదు. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. "చేతులు ఊరికే పెట్టుకోని పాడమంటే నేనేమన్నా రేడియో టేషన్లో కూర్చోనుండానా?" అని ఆమే అంది. నేను చేసిందీ ఫోన్ చేసిన పనే. ఏది రొదో నేను తేల్చేసి తీసేశాను.

చేట తిరిగి ఇచ్చాను. బియ్యం చెరుగుతూ మొదలుపెట్టింది. చేట దెబ్బ పాటకు తాళమని నాకు అప్పుడు తెలిసింది. చేట ఆగినచోట కూనిరాగం. అది సన్నగా సాగి, తెగకుండా, తర్వాతి చరణంలోకి దిగింది. మైకును కొంచెం వెనక్కి జరిపాను, గొంతెత్తినప్పుడు మీటరు సగం దాటి కాస్త పైదాకా వచ్చేట్టు పెంపు తగ్గించాను. అంతకు మించి ఎత్తి పెడితే అల నెత్తి తెగిపోతుంది, ఆ తెగింది మళ్లీ రాదు. కుర్రవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

డబ్బాకు పెద్ద స్విచ్ పెట్టాను, 'టక్' మని వినపడేది. అత్తకు డబ్బాలో నచ్చింది అదొక్కటే. ఫోన్ అయితే పడుతుందో లేదో ఆమెకు తెలియదు. ఇది ఆమె చేతికి అందేట్టు పెడతాను. ఒక పాట మొదలుపెట్టబోతూ, "ఇది మాత్రం డబ్బాకు గాదు, మనకే" అని తనే టక్‌మనిపించింది. ఆ పాట నా దగ్గర లేదు. పట్టిన వాటిని కూడా ఎవరికీ పంపలేదు. ఒక మెమరీ కార్డు అత్త కొడుకు దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి.

పట్టింది వినిపిస్తే చివరిదాకా కదలకుండా విని, హెడ్‌ఫోన్లు తీసి, "ఇప్పుడు నేనే. ఆ కోడి ఎవురిదబ్బయా, నడిమిట్లో?" అంది.

పెదనాయన ఫోన్ పాటను డబ్బా ఏమీ చేయలేకపోయింది. పోయినదాన్ని పెంచడానికి అక్కడ ఏదీ లేదు. అమ్మ పదిసార్లు విని ఒక పేరు చెప్పింది, గుంట పేరు, తప్పకుండా అదేనంది. రెండోది ఆమెకు అందలేదు. తడ దగ్గర ఒక సంఘంలో పెదనాయన ఈడు ముసలామె ఉందట, ఆ పాట ఆమెకూ వచ్చట. సంక్రాంతి సెలవులకు పోతున్నాను. కొత్త బ్యాటరీలు రెండు కొని పెట్టాను.