పొత్తిగుడ్డలు, డోలీ కర్ర

సాలూరు కొండల మీద మా ఊరు. ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతున్నాయంటే, ముందుగా ఇల్లు అలకడంతో మా పని మొదలయ్యేది. ఎర్రమట్టి తెచ్చి గోడలకు పూసేవాళ్ళం. నేలంతా పేడతో అలికేవాళ్ళం. పొయ్యికి దగ్గరగా, ఈదురుగాలి తగలని మూల చూసి బాలింతకు మంచం వేసేవాళ్ళం. చోళ్ళు విసిరి పిండి చేసి ఉంచేవాళ్ళం. ఎండు కట్టెలు అటక మీదికి చేర్చేవాళ్ళం. మామ్మ తన పాత చీరలు చింపి, వేడినీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేసి పొత్తిగుడ్డలు చేసేది. కొత్తగుడ్డ గరుకు, పసిపిల్ల ఒళ్ళు ఒరుసుకుపోతుందనేది.

2016లో వదిన తొలి కాన్పుకు ఇవన్నీ చేశాం. సంబరం ఆగక దూలానికి చీర ఉయ్యాల కూడా కట్టేశాం.

వానాకాలం. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. డోలీకి కర్ర దొరకలేదు. చీకట్లో వెదురు నరికి, దుప్పటి కట్టి, బయలుదేరేసరికి చాలా సేపయింది. గెడ్డ పొంగి ఉంది. నీళ్ళు తగ్గేదాకా ఇవతలి ఒడ్డునే కూర్చున్నాం. అక్కడే, బండ మీద, కాన్పు అయింది. బిడ్డ ఏడవలేదు. మామ్మ చేసిన పొత్తిగుడ్డల్లోనే చుట్టాం. వదిన చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల అలాగే వేలాడుతోంది.

బిడ్డ రాకముందే ఉయ్యాల కట్టారు, అందుకే ఇలా అయిందన్నారు ఊళ్ళో కొందరు. ఆ మాట వదిన మనసులో నాటుకుపోయింది. మేము మాత్రం ఆలోచించగా ఆలోచించగా తెలుసుకున్నది వేరు. గడప లోపల అన్నీ సిద్ధం చేసుకున్నాం, గడప బయట ఏదీ సిద్ధం చేసుకోలేదు. ఆ కొండ దారికి రోడ్డు వేయకపోవడం మా తప్పు కాదు. కానీ రోడ్డు లేదని తెలిసీ ఆఖరి రాత్రి దాకా ఆగాం.

రెండో కాన్పు నాటికి, 2018లో, గర్భిణులు ముందుగానే వచ్చి ఉండడానికి ఐటీడీఏ వాళ్ళు సాలూరులో వసతి గృహం పెట్టారు. నెల ముందే దిగిపొమ్మని ఆశ కార్యకర్త చెప్పింది. వదిన ఒప్పుకోలేదు. ‘మేకల్ని ఎవరు చూస్తారు? చోడిచేను కలుపు ఎవరు తీస్తారు?’ అంది. ఆ మాటకు జవాబు చెప్పడమే మా ఇంటి అసలు సిద్ధపాటు అయింది. అన్న వంట మీద వేసుకున్నాడు. మేకలు చెల్లి చూసింది. కలుపు మేమందరం తీశాం. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పొత్తిగుడ్డలు ఒకే సంచిలో పెట్టాం. అవసరమైతే రక్తం ఇవ్వడానికి ఇద్దరిని అడిగి ఉంచాం. అయినా చూరు కింద డోలీ కర్ర, తాళ్ళు, టార్చిలైటు కట్టిపెట్టాం. మోయడానికి వచ్చేవాళ్ళెవరో ముందే మాట్లాడుకున్నాం. 108కి ఫోను చేయాలంటే సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో ఇంట్లో అందరం తెలుసుకున్నాం.

వదిన కిందికి దిగాక ఇల్లు సర్దాం. నర్సమ్మ చెప్పిన ప్రకారం, పొగ పసిపిల్లకు మంచిది కాదని పొయ్యిని వసారాలోకి మార్చాం. తలుపులు మూసి నిప్పుల కుంపటి పెట్టకూడదనీ చెప్పింది. ‘చలికి పిల్ల కొయ్యబారిపోదా?’ అని మామ్మ కోప్పడింది. తల్లి గుండెకు ఆనించుకుంటే ఆ వెచ్చదనం చాలనీ, తలకు టోపీ, కాళ్ళకు గుడ్డ ఉండాలనీ నర్సమ్మ నచ్చజెప్పింది. దోమతెర కట్టాం. బొడ్డుకు పసుపు, బూడిద పెట్టకూడదని, పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలని, 6 నెలలు తల్లిపాలే చాలని విన్నాం. ముర్రుపాలు పిండి పారబోయడం మా ఇంట్లో పాత అలవాటు. దాన్ని మామ్మ చేతే మాన్పించాం.

అయితే మామ్మ చెప్పినవన్నీ తప్పు కావు. ఉతికి ఎండలో ఆరేసిన పాతగుడ్డే మంచిదని నర్సమ్మ కూడా అంది. పురిటి రోజుల్లో బయటివాళ్ళను గదిలోకి రానివ్వకపోవడం వల్ల జబ్బులు దూరంగా ఉంటాయంది. చోడి అంబలి బాలింతకు బలమంది. మన పెద్దల మాటల్లో ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో వాళ్ళ పక్కన కూర్చునే తేల్చుకోవాలని మాకు అప్పుడు తెలిసింది.

ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. మా ఆనవాయితీ ప్రకారం పుట్టిన వారం పేరే పెట్టి, 21 రోజుల్లోపే జనన నమోదు చేయించాం. రేపు బడిలో చేర్చేటప్పుడు ఇంకో పేరు, ఇంకో తేదీ రాసుకునే అవసరం ఎవరికీ రాదు. వదిన ఇంటికి వచ్చిన రోజున ఉయ్యాల తన చేత్తోనే కట్టింది.

డోలీ కర్ర ఇంకా చూరు కిందే ఉంది. రోడ్డు గెడ్డ అవతలే ఆగిపోయింది. ఈ వానల్లో పక్కింటి అమ్మాయికి నెలలు నిండుతాయి. తాళ్ళు పాతబడ్డాయి, మార్చాలి. అంతకంటే ముందు, ఆమె చేను కలుపు ఎవరు తీస్తారో మాట్లాడుకోవాలి.