నీరు ఎటునుంచి వచ్చింది?

“ఆ రోజుల్లో బొమ్మ బొమ్మలా ఉండేది, ఇప్పటివాళ్ళది రంగులు ఒలకబొయ్యడమే” అన్న మాట తరచు వింటుంటాం. మొన్నటిదాకా నేను దాన్ని పాతకాలపు చాదస్తం కింద కొట్టిపారేసేవాణ్ణి. ఇప్పుడంత ధైర్యం లేదు.

నిరుడు కాలేజీ చిత్రకళా ప్రదర్శనకు నేనొక నైరూప్య చిత్రం వేశాను. బూడిదరంగు, నలుపు, మధ్యన ఒక ఎర్రచార. పేరు ‘ఉప్పెన’. మిత్రులు భేష్ అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు మనిషి చెయ్యి గీయడం రాదు. అందుకే ఆ దారి పట్టాను.

సెలవులకు బొమ్మను దివిసీమలోని మా ఊరు తీసుకెళ్ళాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో చిక్కి బతికి బయటపడినవాడు మా తాతయ్య. చాలాసేపు చూసి, “ఇందులో నీరు ఎటునుంచి వచ్చిందిరా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర చిత్రలేఖనం నేర్చిన అడివి బాపిరాజుగారి కాలం వేరు, అప్పుడు రూపం ఉంది గనుక అర్థమూ ఉంది అని సరిపెట్టుకోబోయాను. గుడివాడ అడ్డం వచ్చింది! 1936లో అక్కడ పుట్టిన ఎస్.వి. రామారావుగారు నైరూప్య చిత్రకారులే. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే ఆయన మద్రాసులోనూ, ఆపైన లండన్ స్లేడ్ స్కూల్లోనూ చదువుకున్నవారు. ఆయన చెయ్యి సాధించి రూపాన్ని వదిలారు. నేను చేతకాక వదిలాను.

ఆమాటకొస్తే మా నాయనమ్మ పెట్టే మెలికల ముగ్గులో మాత్రం రూపమేముంది? ఒక్క చుక్క తప్పితే మెలిక కలవదు, చిన్నపిల్ల కూడా పట్టేస్తుంది. పెడన కలంకారీలో అచ్చు కాస్త జరిగితే తీగ తెగిపోతుంది. నా బొమ్మను తలకిందులు చేసినా ఎవరికీ తేడా తెలియదు. ప్రాక్టికల్స్‌లో రీడింగులు తీసుకోకుండా గ్రాఫు గీసినట్టుంది నా పని.

మర్నాడు ఆ ప్రశ్నే తాతయ్యను అడిగాను. పుల్ల తీసుకుని వాకిట్లో మట్టిమీద గీత గీశాడు. “ఇదుగో, సముద్రం వైపునుంచి ఇలా లేచింది.” గీత ఒకచోట వంకర తిరిగి ఆగింది. “ఇక్కడ మా తమ్ముడి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది.”

ఆ గీతలో ఇల్లు లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. అర్థమేమిటని నేను అడగలేదు.

ఈ ఏడు ప్రదర్శనకు బొమ్మ ఇవ్వడం లేదు. ముందు చెయ్యి గీయడం నేర్చుకుంటున్నాను.